పేరు చెక్కిన ఖడ్గము



మా మన్నెగూడ సంఘములో ఒక ఖడ్గమును గూర్చి తగవు పుట్టినది. ఆ తగవులో నేనొక పక్షము వహించితిని. నాది తప్పని తలంచు పెద్దలు మా సంఘములోనే కలరు. వారు నాకు శత్రువులు కారు, అన్నదమ్ములు. కావున ఈ వ్యాసమును న్యాయాధిపతిగా గాక వాదిగా వ్రాయుచున్నాను. నెమ్మదిగా చదివి మీరే తీర్పు చెప్పుడి. ఏలయనగా ఇట్టి తగవు నేడు మా యింట పుట్టినది, రేపు మీ యింట పుట్టును.

జరిగినది యిది. మా సంఘపు కుటుంబములలో ఒకదానికి చెందిన చిన్నవాడు చదువునకై అమెరికా పోయి, అక్కడనే స్థిరపడి, ఆ దేశపు సైన్యములో చేరి అధికారి యాయెను. అతడు సెలవుమీద ఊరికి వచ్చుచున్నాడని తెలిసి సంఘమంతయు సంతోషించినది. నేనును సంతోషించితిని. ఆదివారపు బడిలో నా యెదుట చాపమీద కూర్చుండి కంఠత వాక్యములు అప్పగించిన బిడ్డడతడు. ఒక సాయంకాలము పెద్దలు నలుగురు మా యింటికి వచ్చిరి.

"అయ్యగారూ, మన పిలగాడు అంత పెద్ద ఆఫీసరై వస్తున్నడు. ఉత్త శాలువ కప్పి పంపితే మంచిగుంటదా? కత్తి చేపిద్దమనుకుంటున్నం. వెండి పూత పూసి, దాని మీద పిలగాని పేరు, మన సంఘం పేరు చెక్కిపిస్తం. పట్నంల మాట్లాడి వచ్చినం. ఇంటికి ఐదువందలు రాసినం," అనిరి.

నేను వెంటనే అడ్డు చెప్పలేదు. నా నోరు పెగలకపోవుటకు ఒక కారణము కలదు, దానిని దాచను. నా గదిలోని అల్మారాలో సన్మాన సభలలో నాకిచ్చిన షీల్డులు పదునాలుగు ఉన్నవి. శాలువలు ఎన్ని యున్నవో లెక్క తెలియదు. నా పేరు చెక్కిన ఇత్తడి రేకులను నేను తుడిచి పెట్టుకొనుచు, నీకు చెక్కవద్దని మరియొకనితో ఎట్లు చెప్పుదును?

మూడు దినముల తరువాత మా సంఘపు సహోదరి యొకతె, కూలిపని చేసికొని బ్రదుకు విధవరాలు, తన ఐదువందలు చెల్లించి వచ్చితినని నాతో చెప్పెను. ఆ రూపాయలు ఎక్కడివని అడిగితిని. పొదుపు సంఘములో అప్పు తీసికొన్నాననెను. "ఎందుకమ్మా?" అంటిని. "గుడిల పేర్లు చదివేటప్పుడు నా పేరు కాడ సున్న ఉంటే ఎట్ల అయ్యగారూ?" అనెను. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో వెండి పూత! అది మొదలు నేను నోరు విప్పితిని.

చదువరులారా, అమెరికా సైనికాధికారి యొకడు మన ప్రాంతమునకు వచ్చుట ఇది మొదటిసారి కాదు. ఆ దేశపు మసాచుసెట్స్ రాష్ట్రములోని న్యూబరీపోర్టు పట్టణమున 1764లో పుట్టిన జాన్ పార్కర్ బాయిడ్ అనువాడు తన దేశ సైన్యములో ఎదుగుదల కానక ఓడ యెక్కి, 1790 ప్రాంతమున హైదరాబాదు చేరి, నిజాం అలీఖాను కొలువులో పటాలములకు నాయకుడాయెను. పిమ్మట మహారాష్ట్రుల పీష్వా కొలువునకు పోయెను. తన సొంత పటాలమును కూర్చుకొని, జీతమిచ్చిన రాజు పక్షమున పోరాడుట అతని వృత్తి. పైరు కోతకు మన కూలీలు ముఠాగా పోవుదురు గదా, ఆ నాయకుడు మనుష్యులను కోయుటకు ముఠాతో పోయెను. చాలినంత ఆర్జించిన తరువాత ఆయుధములను, ఏనుగులను అమ్మివేసి తన దేశమునకు మరలిపోయెను.

అక్కడనైనను అతని ఖడ్గము విశ్రమించెనా? 1811 నవంబరు 7వ తేదీన ఇండియానా ప్రాంతములో టిప్పెకాను నదియొద్ద ఆ దేశపు ఆదివాసులతో జరిగిన యుద్ధములో అతడు నాలుగవ పదాతి పటాలమును నడిపెను. మరునాడు ఆ సైన్యము ఆదివాసుల గ్రామమును తగులబెట్టెను. ఇండ్లతోకూడ వారు చలికాలమునకు దాచుకొన్న మొక్కజొన్నలును కాలిపోయినవి. 1813 నవంబరు 11న కెనడాలోని క్రిస్లరు పొలమునొద్ద ఇదే బాయిడ్ తనకంటె చాల చిన్న సేనచేతిలో ఓడిపోయెను. 1830లో మరణించెను. ఈనాడు హైదరాబాదులో అతని పేరెరిగినవారెందరు? అతనివలన నీరు త్రాగిన బావి యొకటి కలదా? అక్షరము నేర్చిన బిడ్డ యొకడు కలడా?

ఆ దినములలో హైదరాబాదు దర్బారుయొక్క మర్యాద యేమనగా, కొలువులో మెప్పు పొందినవానికి ఖిలత్తు అను గౌరవ వస్త్రమును, తలపాగాకు రత్నాల కలికితురాయిని, పిడికి నగిషీ చేసిన ఖడ్గమును ఇచ్చుట. నేటి మన శాలువ, మన షీల్డు ఆ ఖిలత్తుకు మనుమలే. ఇచ్చువాడు రాజు, పుచ్చుకొనువాడు కొలువుకాడు. పుచ్చుకొన్న దినమునుండి వాడు ఇచ్చినవాని మనిషి. అది ప్రేమ కాదు, పగ్గము.

మా ఊరినుండి సాగరు రోడ్డున పట్నము పోవువారు ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు దాటినపిమ్మట మూసారాంబాగు అను పేరు విందురు. ఫ్రెంచి సేనాని మొస్యె రేమాను పేరును జనులు తమ నోటికి అనువుగా మార్చుకొనగా అది మిగిలినదందురు. అతడు నిజామునకు పటాలములు కట్టిపెట్టెను, ఫిరంగుల కార్ఖానా నిలిపెను. గన్‌ఫౌండ్రీ అను పేరు దానివలననే కలిగినది. 1798 మార్చి 25న అతడు మృతినొందెను. అతని సమాధి దిబ్బమీద రాతి స్తంభ మొకటి నేటికిని నిలిచియున్నది. అతడు పోయిన ఏడు మాసములలోనే, అదే సంవత్సరము అక్టోబరులో, అతడు కూర్చిన పది వేలకు పైబడిన సిపాయిలను ఇంగ్లీషువారు చుట్టుముట్టి, కొద్ది గంటలలో ఆయుధములు క్రింద పెట్టించిరి. జీవితకాలమంతయు పదును పెట్టిన ఇనుము ఒక పూటలో కుప్పగా పడినది.

ఇక అమెరికావారి మాట. సన్మాన ఖడ్గము అనునది యుద్ధములో వాడుటకు చేసినది కాదని మొదట తెలిసికొనుడి. పిడికి బంగారు పూత, ఒరకు వెండి తొడుగు; అలుగుమీద పువ్వులు, తీగెలు, యుద్ధ దృశ్యములు, ఇచ్చినవారి పేరు, పుచ్చుకొన్నవాని పేరు. ఈ అక్షరములను ఒకచోట సన్నని ఉలితో చెక్కుదురు. మరియొకచోట ఉక్కుమీద మైనము పూసి, మైనములో అక్షరములు గీసి, ఆమ్లము పోయుదురు. గీసినచోట ఆమ్లము ఉక్కును తినివేసి అక్షరము నిలుపును. ఉక్కును తినకుండ పేరు నిలువదు! ఈ పనితనమంతయు పొగడదగినదే. కంసాలి నేర్పును నేను నిందింపను. అది దేనికొరకు అని మాత్రమే అడుగుచున్నాను.

ఆ దేశపు స్వాతంత్ర్య యుద్ధములో సేనానిగా పోరాడిన లఫాయెత్ అను ఫ్రెంచి యువకునికి 1778 అక్టోబరులో అక్కడి కాంగ్రెసు ఒక ఖడ్గము బహూకరింప తీర్మానించినది. పారిసు నగరములో దానిని చేయించిరి. బంగారు పిడిమీద అతడు పాల్గొన్న యుద్ధములను చెక్కించిరి. 1779లో బెంజమిను ఫ్రాంక్లిను తన మనుమనిచేత దానిని అతనికి పంపెను. కొంతకాలమునకు ఫ్రాన్సులో విప్లవము వచ్చెను. లఫాయెత్ పరదేశమున చెరసాల పాలాయెను. ఇంటివారు ఆ ఖడ్గమును భూమిలో పాతిపెట్టిరి. తరువాత త్రవ్వి చూడగా అలుగు తుప్పు తినిపోయి, బంగారు పిడి మిగిలినది. ప్రియులారా, దీనికి వేరే వ్యాఖ్యానము కావలెనా? పట్టుకొనుటకు పిడి యున్నది, లోపల ఏమియు లేదు. మన సన్మానములలో ఎన్ని ఇట్టివి కావు?

ఇక గ్రాంటు సేనాని చరిత్ర వినుడి. 1864లో, అమెరికా అంతర్యుద్ధ కాలమున, గాయపడిన సిపాయిల సహాయార్థము న్యూయార్కు పట్టణములో గొప్ప సంత జరిపిరి. అక్కడ ఒక అందమైన ఖడ్గమును పెట్టి, ఏ సేనానికి ఇయ్యవలెనో ఓటు వేయుడి, ఓటుకు ఒక డాలరు అనిరి. గ్రాంటునకు 30,000కు పైగా ఓట్లు వచ్చినవి. మెక్లెల్లను అనువానికి అందులో సగమునకు అటునిటుగా వచ్చినవి. న్యాయము చెప్పవలెనన్న, ఆ సంతలో పోగైన సొమ్ము రోగులకు, గాయపడినవారికి పోయినది. అక్కడ ఖడ్గము ఎర, ఫలము దీనులది. మా సంఘపు పట్టీలో అట్లు గాక దీనులదే ఎర, ఫలము ఖడ్గమునది.

ఆ గ్రాంటు మరుసటి సంవత్సరము, 1865 ఏప్రిల్ 9వ తేదీన, అపొమాటెక్సు గ్రామములో ఒక గృహస్థుని యింట తన శత్రు సేనాని యైన లీని కలిసికొనెను. లీ కొత్త దుస్తులు ధరించి, నగిషీ పనితో మెరయు బహుమాన ఖడ్గమును నడుమున కట్టుకొని వచ్చెను, ఓడినవాడతడు. గెలిచిన గ్రాంటు సామాన్య సిపాయి చొక్కాతో, బూట్లకు బురదతో, నడుమున ఖడ్గమే లేక వచ్చెను. లీ ఖడ్గమును ఇమ్మని అతడు అడుగలేదు. ఓడిన సైన్యములో గుఱ్ఱములు, కంచర గాడిదలు తమవని చెప్పువారు వాటిని ఇంటికి తోలుకొనిపోవచ్చును, వాటితో పొలము దున్ని గింజలు విత్తుకొనవలెను గదా యని సెలవిచ్చెను. ఆకలితోనున్న వేలాది శత్రు సిపాయిలకు తన సేనయొద్దనుండి ఆహారము పంపెను. ఆ సేనాని జీవితములో మిక్కిలి ఘనమైన దినమేది? ఓట్లతో ఖడ్గము వచ్చిన దినమా, ఖడ్గము లేక శత్రువుకు నాగలి గుఱ్ఱమును విడిచిన దినమా?

అంతటితో కథ ముగియలేదు. గ్రాంటు తరువాత దేశాధ్యక్షుడును ఆయెను. 1884 మే మాసములో అతడు సొమ్ము పెట్టిన వ్యాపారము మోసముతో కూలిపోయెను. వాండర్బిల్టు అను ధనికునికి 1,50,000 డాలర్లు బాకీ పడెను. బాకీక్రింద ఏమి ఇచ్చెనో తెలియునా? తనకు బహుమానముగా వచ్చిన ఖడ్గములను, పతకములను! వాటిని తరువాత ఆ దేశపు వస్తు ప్రదర్శనశాలలో ఉంచిరి. గొంతులో పుండుతో బాధపడుచు, భార్యకు కూడు మిగుల్చుటకై, గ్రాంటు తన జీవిత చరిత్ర వ్రాసి 1885 జులై 23న కన్ను మూసెను. కుటుంబమును ఆదుకొన్నది బంగారు పిడి కాదు, కలము.

మన దక్షిణ దేశపు ఉదాహరణ మొకటి చెప్పి చరిత్రను ముగింతును. 1799 మే 4న శ్రీరంగపట్టణము పడినది. టిప్పు సుల్తాను చంపబడెను. ఆ ముట్టడిలో ఇంగ్లీషువారితోపాటు హైదరాబాదు నిజాము సేనయు నుండెను. చనిపోయినవాని పడకగదిలో దొరికిన ఖడ్గమును, కోటమీది దాడిని నడిపిన బైర్డు సేనానికి సైన్యము బహూకరించి, ఆ సంగతిని దాని అలుగుమీద చెక్కించెను. 2023 మే మాసమున లండనులో ఆ ఖడ్గమును వేలము వేయగా 1 కోటి 40 లక్షల పౌండ్లు, అనగా మన లెక్కలో 140 కోట్ల రూపాయలకు పైమాట, పలికినది. చంపబడినవాని సొత్తుమీద చంపినవారి పేరు. దానికి 140 కోట్లు! అదే ముట్టడిలో చచ్చిన సిపాయిల పేర్లు ఏ ఉక్కుమీద చెక్కిరి?

ఇప్పుడు మా పెద్దలు నా యెదుట పెట్టిన వాదములకు వద్దును. వారు బుద్ధిహీనులు కారు. వారి వాదములలో బలము కలదు.

మొదటి వాదము: ఇది మొద్దు కత్తి, గోడకు తగిలించు వస్తువు, దీనివలన కీడేమి? దీనికి పరిశుద్ధ గ్రంథమునుండియే ఉత్తరము చెప్పుదును. దావీదు గొల్యాతును చంపిన పిమ్మట ఆ ఖడ్గమేమాయెనో మీరెరుగుదురా? అది నోబు అను ఊరిలో, దేవుని సన్నిధిలో, ఏఫోదు వెనుక, బట్టలో చుట్టి ఉంచబడెను. దానిని ఎవరును వాడుటలేదు. అది జ్ఞాపకార్థ వస్తువు మాత్రమే. సౌలుకు భయపడి పారిపోవుచు దావీదు అక్కడికి వచ్చెను. ఆయుధమేమైన కలదాయని అడిగెను. యాజకుడైన అహీమెలెకు రొట్టెలతోపాటు ఆ ఖడ్గమును ఇచ్చెను. ఎదోమీయుడైన దోయేగు అది చూచి సౌలుకు కొండెము చెప్పెను. రొట్టెయు ఖడ్గమును ఇచ్చితివని సౌలు నేరము మోపెను. ఆ దినమున ఏఫోదు ధరించిన యాజకులు 85 మంది హతులైరి. ఆ ఊరి స్త్రీలు, పసిబిడ్డలు, పశువులు సహితము కత్తివాత పడిరి. రొట్టె మాత్రమే ఇచ్చియుండినను సౌలు కోపించియుండునేమో. కాని ఆరాధన స్థలములో ఖడ్గము లేకయుండిన, ఆ నేరములో సగము పలుకుటకు సౌలుకు నోరుండెడిది కాదు. బట్టలో చుట్టినంత మాత్రమున ఖడ్గము ఖడ్గము కాకపోదు. గోడకు తగిలించినదానిని దించుటకు ఒక చెయ్యి చాలును.

రెండవ వాదము: దేవుని వాక్యమునే ఆత్మ ఖడ్గమని అపొస్తలుడు పిలిచెను గదా? పిలిచెను. సంకెళ్లలోనున్న పౌలునొద్ద ఇనుప ఖడ్గము లేదు, కావలి సిపాయియొద్ద నున్నది. అది చూచి, నాయొద్ద నున్నది వేరొక ఖడ్గమని అతడు చెప్పినట్లున్నది. ఇనుమును విడిచి వాక్యమునకు రమ్మని అతడు చూపిన త్రోవను మనము తిరుగబెట్టి, వాక్యమును విడిచి ఇనుమునకు పోవుదుమా?

మూడవ వాదము: ఘనత ఎవరికి చెల్లవలెనో వారికి చెల్లింపుమని లేఖనము బోధించుచున్నది. సత్యము. ఆ బిడ్డను గౌరవింపవద్దని నేననలేదు, సైనికుని అసహ్యించుకొనుమని అసలే అనలేదు. కపెర్నహూము శతాధిపతి యుద్ధభటుడే. యూదుల పెద్దలు అతనిని గూర్చి ప్రభువుతో ఏమి చెప్పి వేడుకొనిరి? అతడు తమ జనమును ప్రేమించి సమాజమందిరము కట్టించెనని చెప్పిరి. అతని ఘనత పుచ్చుకొన్నదానిలో లేదు, ఇచ్చినదానిలో నున్నది. కొర్నేలీయు యింటికి పేతురు పోయినప్పుడు ఖడ్గము తీసికొనిపోలేదు. కొర్నేలీయు తన పాదములమీద పడగా పేతురు అతనిని లేవనెత్తి, తానును మనుష్యుడనేనని చెప్పెను. ఇచ్చిపుచ్చుకొనుటలో ఇది మన మర్యాద. ఒకనిని ఒకడు లేవనెత్తుట. ఒకని ముందు ఒకడు సాగిలపడుట కాదు.

ఆ పేతురే తోటలో కత్తి దూసి మల్కు చెవి నరికెను. సిలువకు పోకముందు ప్రభువు చేసిన కడపటి స్వస్థత అదియే. శిష్యుడు చేసిన గాయమును మాన్పుట! ఆయన చేతులు కట్టబడుటకు ముందు, ఆ చేతుల ఆఖరు పని మన కత్తి చేసిన కీడును సరిదిద్దుటయే యాయెను. దీనిని ఎరిగినవారము, ఆయన పేరిట కట్టిన మందిరములో ఖడ్గమును ఎత్తి చప్పట్లు కొట్టుదుమా?

నాలుగవ వాదము యువకులది. "రాజకీయ సభల్ల నాయకులకు కత్తులిస్తరు, వాళ్లు పైకెత్తి ఫోటో దిగుతరు. మనం వాళ్లకంటె తక్కువనా?" అనిరి. తమ్ముడా, తక్కువ యెక్కువ కాదు, వేరు. మన ఊరిలో అన్ని మతములవారు ఒకే వీధిలో బ్రదుకుచున్నాము. మన యింట శవము లేచిన దినమున పక్కింటివారు పొయ్యి వెలిగింపక మనకు అన్నము తెచ్చుదురు. రేపు మన గుడి వాకిట ఖడ్గమెత్తిన ఫోటో వారి ఫోనులోనికి పోయిన యెడల, అది ప్రేమతో ఇచ్చినదని క్రింద వ్రాయుటకు నీవు ప్రతి యింటికి పోగలవా? ఫోటో మాటలాడదు. చూచువాని భయమే దానికి మాట.

ఐదవ వాదమే నాకు కష్టమైనది. ఒక పెద్దాయన నాతో, "అయ్యగారూ, అమెరికావాళ్లు మనకు బడులు పెట్టిరి, దవాఖానలు కట్టిరి. మన తాతలను మనుషులుగ చూసింది వాళ్లే. ఆ దేశం ఆఫీసరుకు మర్యాద చెయ్యకపోతే ఎట్ల?" అనెను. ఈ మాటలో కృతజ్ఞత యున్నది గనుక నేను దీనిని తోసివేయను. కాని తాతా, ఆ దేశమునుండి మన తెలుగు నేలకు వచ్చినవారిని వేరు చేసి చూడుము. బాయిడ్ ఖడ్గముతో వచ్చెను. జాన్ క్లౌ అను బోధకుడు 1866లో ఒంగోలు చేరెను. అతడు యౌవనములో భూమి కొలత పని నేర్చినవాడు. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరువు వచ్చినప్పుడు, బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును త్రవ్వించు కంట్రాక్టు తానే తీసికొని, ఆకలిగొన్న వేలమందికి గడ్డపార, గంప ఇచ్చి పని చూపి కూలి ఇచ్చెను. కూటికొరకు మతము పుచ్చుకొనిరని లోకము అనకుండునట్లు, సహాయము నడచినన్నాళ్లు బాప్తిస్మములు ఆపివేసెను. పిమ్మట 1878 జులై 3న వెల్లంపల్లియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీవు జ్ఞాపకము చేసికొన్న అమెరికా ఇది. దీనికి కృతజ్ఞత చూపుటకు ఖడ్గమేల? గడ్డపార చాలును.

మరియు ఆ దేశమును స్థాపించినవారే బహుమానములకు భయపడిరి. 1787లో వ్రాసిన తమ రాజ్యాంగములోనే, ప్రభుత్వ పదవిలోనున్నవాడు కాంగ్రెసు సమ్మతిలేక ఏ పరరాజునుండిగాని పరరాజ్యమునుండిగాని కానుక పుచ్చుకొనరాదని నియమించిరి. మనము రాజులము కాము, మన కానుక ఆ నియమమునకు తగులదు. అయినను వారి భయము జ్ఞానముగలది. లంచము చూపుగలవానిని గ్రుడ్డివానిగా చేయునని మోషే ధర్మశాస్త్రము వారికంటె ముందే హెచ్చరించెను.

ఇదంతయు ఒక యెత్తు, ఆ సహోదరి ఐదువందల అప్పు ఒక యెత్తు. సోదరులారా, చరిత్రనంతయు ప్రక్కన పెట్టుడి. ఖడ్గము బదులు మీరు వెండి పావురమును చేయించినను నా తగవు తీరదు. పట్టీ వ్రాసి, పేర్లు చదివి, సిగ్గును భయమును చూపి రాబట్టినది కానుక కాదు, పన్ను. బీద విధవరాలు వేసిన రెండు కాసులను ప్రభువు మెచ్చుకొనెను గదా యందురు. మెచ్చుకొనెను. కాని దానికి ముందు వచనముననే విధవరాండ్ర ఇండ్లు మ్రింగువారిని గూర్చి ఏమి సెలవిచ్చెనో అదికూడ చదువుడి. ఆ రెండు సంగతులు ప్రక్కప్రక్కన ఉండుట ఊరక కాదు. ఆమె ఇష్టపూర్వకముగా వేసెను. ఎవరును ఆమె పేరు బిగ్గరగా చదువలేదు.

ఖడ్గము మెడను కోయునని అందరెరుగుదురు. మా ఖడ్గము ఇంకను కంసాలి కొలిమిలోనే యున్నది, అప్పుడే ఒక విధవరాలి కంచములో సగము కోసివేసినది.

అయితే ఏమి చేయవలెను? వద్దు వద్దను బోధకుడు సులభముగా దొరకును. చేయదగినది చెప్పువాడు కావలెను. నేను సంఘ కమిటీ ముందు ఉంచిన సంగతులివి. ఒకటి, పట్టీని రద్దు చేసి, వసూలైన రూపాయలు ఇంటింటికి తిరిగి ఇయ్యవలెను. మొదట ఆ సహోదరి యింటికి. రెండు, ఆ బిడ్డ వచ్చిన ఆదివారము ప్రతి యింటినుండి శక్తికొలది బియ్యమో, పప్పో, ఏమియు లేనివారు కట్టె పుల్లలో తెచ్చి, అందరమును ఒకే పంక్తిలో భోజనము చేయవలెను. అతనిని మధ్య కుర్చీలో గాక పంక్తిలోనే కూర్చుండబెట్టవలెను. మూడు, అతనికొరకు, అతడు ఏ దేశమునకు పంపబడునో ఆ దేశపు బిడ్డలకొరకు మోకరించి ప్రార్థింపవలెను.

నాలుగవది వినుడి. మా సంఘమునకు సమాధుల దొడ్డి యున్నది గాని, గోతి త్రవ్వుటకు సొంత పార లేదు, గడ్డపార లేదు. ఎవరైన నిద్రించినప్పుడెల్ల ఎవరి యింటనో అడిగి తెచ్చుచున్నాము. మా చుట్టుప్రక్కల పొలములన్నియు ప్లాట్లుగా మారినవి గనుక, ఇప్పుడు అడుగుటకు పార యున్న యిల్లు వెదకవలసి వచ్చుచున్నది. మొన్నటి మరణములో ఒక గంట పార కొరకే ఆలస్యమాయెను. ఇష్టమున్నవారు పెట్టెలో వేసిన కానుకతో రెండు పారలు, ఒక గడ్డపార కొందము. వాటిమీద ఎవరి పేరును చెక్కవద్దు. ఆ అధికారి ఆదివారము సాయంకాలము మనతోకూడ వచ్చి, తన తాత సమాధిమీది ముళ్లకంపను తన చేతులతో తీసివేయవలెనని అడుగుదము. అతడు ఆనందముగా చేయునని నాకు తోచుచున్నది. సైనికునికి పార పట్టుట రాకపోదు.

నా మాటను నేనే త్రోసివేయకుండునట్లు ఒక పని చేసితిని. అల్మారాలోని శాలువలను ఈ చలికి ముసలివారికి పంచితిని. షీల్డులను గోనెసంచిలో వేసితిని; కమిటీ కూడిన దినమున వాటిని బల్లమీద పెట్టి, నా పేరు చెక్కించుటకు మీ యిండ్లనుండి ఎంత పోయినదో చెప్పుడి, నేను క్షమాపణ అడుగుదునని చెప్పనెంచితిని. నా అల్మారాను కాపాడుకొనుచు వారి ఖడ్గమును నిందించిన యెడల నేను వేషధారిని.

ఈ పత్రిక మీ చేతికి వచ్చునాటికి మా కమిటీ తీర్పు ముగిసియుండును. నా మాట ఓడిన ఓడవచ్చును. ఓడినను ఆ ఖడ్గమును నా చేతులతో ఇయ్యను. ఆ బిడ్డను కౌగిలించుకొని ఆశీర్వదింతును గాని ఇయ్యను. నాతో ఈ నెలనుండి మాటలాడని పెద్ద యొకరు కలరు. ఆయన నా పెండ్లికి పందిరి వేసినవాడు. ఆయన యింటికి ప్రతి శుక్రవారము పోయి గడపలో కూర్చుండి వచ్చుచున్నాను. వాదము వేరు, వైరము వేరు. నాలుకకూడ ఖడ్గమే గదా. దానిని ఒరలో పెట్టుట నేర్వని బోధకుడు ఇనుప ఖడ్గమును గూర్చి బోధించుటకు తగడు.

చదువరులారా, మీ సంఘములోను పట్టీ వచ్చును. ఖడ్గము కాకపోయిన కిరీటము, కిరీటము కాకపోయిన నిలువెత్తు బొమ్మ. అది వచ్చినప్పుడు మూడు ప్రశ్నలడుగుడి. ఈ రూపాయి ఎవరి కంచములోనుండి వచ్చుచున్నది? ఈ వస్తువు రేపు ఎవరి చేతిలోనికి పోవును? దీనిమీద చెక్కిన పేరు మాసిపోయినపిమ్మట మిగులునదేమి? ఈ మూటికి ఉత్తరము దొరికిన యెడల నిర్భయముగా ఇయ్యుడి. దొరకని యెడల, మర్యాదగా, చేతులు జోడించి, వద్దనుడి.

మన పేర్లు వ్రాయబడిన చోటు వేరొకటి కలదని మనము నమ్ముచున్నాము. అక్కడ అక్షరము నిలుపుటకు ఆమ్లము అక్కరలేదు. అక్కడ ఎవరి పేరు ఎదుటను సున్న లేదు.